ఫొటోల్లో కత్తిరించిన ముఖం స్టాంపు మీదికి ఎలా వచ్చింది

2017 ఫిబ్రవరి 1న వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో అమెరికా తపాలా శాఖ ఒక కొత్త స్టాంపు విడుదల చేసింది. దాని మీద ఉన్నది టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ బొమ్మ. ఆవిడ పేరు డొరొతీ హైట్. 2009లో తీసిన ఒక ఫొటోను ఆధారంగా చేసుకుని థామస్ బ్లాక్‌షియర్ అనే చిత్రకారుడు ఆ బొమ్మ వేశాడు. అమెరికా నల్లజాతి ప్రముఖుల మీద 1978 నుంచి ఏటా ఒకటి చొప్పున వస్తున్న ‘బ్లాక్ హెరిటేజ్’ సిరీస్‌లో అది 40వ స్టాంపు.

మార్టిన్ లూథర్ కింగ్ పేరు, రోజా పార్క్స్ పేరు మన స్కూలు పిల్లలకు కూడా తెలుసు. డొరొతీ హైట్ పేరు అమెరికాలోనే చాలామందికి తెలియదు. ఆవిడ చేసిన పని తక్కువై కాదు. పౌర హక్కుల ఉద్యమాన్ని నడిపిన ఆరుగురిని అక్కడి పత్రికలు ‘బిగ్ సిక్స్’ అనేవి. కింగ్, ఫిలిప్ రాండాల్ఫ్, రాయ్ విల్కిన్స్, విట్నీ యంగ్, జేమ్స్ ఫార్మర్, జాన్ లూయిస్. వాళ్ళు కూర్చున్న చాలా సమావేశాల్లో హైట్ కూడా కూర్చుంది. వాళ్ళతో సమానంగా జాతీయ స్థాయిలో పనిచేసిన ఏకైక స్త్రీ ఆవిడే. అయినా లెక్క ఆరు దగ్గరే ఆగిపోయింది. పత్రికల్లో వేసిన ఫొటోల్లో చివరన నిలబడ్డ ఆవిడను నిజంగానే కత్తిరించిన సందర్భాలున్నాయి.

అలాంటి మనిషిని ఒంటరిగా, మధ్యలో, ప్రభుత్వ ముద్రతో ఒక స్టాంపు మీద నిలబెట్టారు. ఈ గౌరవం విలువ తెలియాలంటే స్టాంపును మాత్రమే చూస్తే చాలదు. ఆవిడ ఎక్కడెక్కడ పక్కన పడిందో, అసలు స్టాంపులు ఎవరికి ఎప్పుడు వచ్చాయో కూడా చూడాలి.

హైట్ 1912లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో పుట్టింది. చిన్నప్పుడే కుటుంబం పిట్స్‌బర్గ్ దగ్గరున్న ర్యాంకిన్ అనే ఊరికి మారింది. అమెరికా రాజ్యాంగం మీద జరిగిన వక్తృత్వ పోటీలో గెలిచి కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్ తెచ్చుకుంది. న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీ సీటు ఇచ్చింది. 1929లో తీరా అక్కడికి వెళ్ళాక, నల్లజాతి అమ్మాయిలను ఏడాదికి ఇద్దరినే తీసుకుంటామని, ఆ ఇద్దరూ అప్పటికే చేరిపోయారని చెప్పారు. ఆ కాలేజీ ఇచ్చిన ఉత్తరాన్నే చేత్తో పట్టుకుని ఆవిడ న్యూయార్క్ యూనివర్సిటీకి వెళ్ళింది. వాళ్ళు చేర్చుకున్నారు. 1933 నాటికి డిగ్రీతోపాటు మాస్టర్స్ కూడా పూర్తి చేసింది. బార్నార్డ్ ఆవిడను గౌరవ పూర్వ విద్యార్థినిగా స్వీకరించింది 2004లో, 75 ఏళ్ళ తర్వాత.

చదువయ్యాక కొన్నేళ్ళకు న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో, యువతుల క్రైస్తవ సంఘమైన వైడబ్ల్యూసీఏలో ఉద్యోగం. అక్కడ ఆవిడ మొదట పట్టించుకున్నది ఇళ్ళల్లో పాచిపని చేసే నల్లజాతి స్త్రీల సంగతి. బ్రూక్లిన్, బ్రాంక్స్ వీధుల మూలల్లో వాళ్ళు పొద్దున్నే వచ్చి నిలబడేవారు. మన పట్నాల్లో కూలీల అడ్డా ఎలా ఉంటుందో అచ్చం అలాగే. కార్లలో వచ్చిన తెల్ల ఇల్లాళ్ళు బేరమాడి తీసుకుపోయేవారు. గంటకు సుమారు 15 సెంట్లు ఇచ్చేవారు. ఆ చోట్లను జనం ‘బానిస సంత’లనే పిలిచేవారు. హైట్ న్యూయార్క్ నగర కౌన్సిల్ ముందుకు వెళ్ళి ఈ విషయం మీద వాంగ్మూలం ఇచ్చింది. పత్రికలు రాశాయి, కొంతకాలం ఆ సంతలు చాటుకు పోయాయి, తర్వాత మళ్ళీ మొదలయ్యాయి.

ఆవిడ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఘటన ఒక్కటే చాలని నాకనిపిస్తుంది. ఆ మూల మీద నిలబడ్డ పనిమనిషి కష్టం జాతి కష్టమా, ఆడదాని కష్టమా, కూలి కష్టమా అని విడదీయడం కుదరదు. మూడూ ఒకే మనిషి మీద ఒకేసారి పడుతున్నాయి. నల్లజాతి హక్కుల కోసం పనిచేసే సంఘాలను నడిపింది ఎక్కువగా మగవాళ్ళు. స్త్రీల హక్కుల సంఘాలను నడిపింది ఎక్కువగా తెల్లవాళ్ళు. ఈ రెండింటి మధ్యన ఉన్నవాళ్ళ తరఫున మాట్లాడటమే హైట్ జీవితకాలం చేసిన పని. అందుకే రెండు చోట్లా ఆవిడ అంచునే మిగిలింది.

1937లో నల్లజాతి విద్యావేత్త మేరీ మెక్లౌడ్ బెతూన్ హార్లెమ్‌కు వచ్చినప్పుడు హైట్‌ను చూసి తన సంస్థ పనిలోకి లాగింది. బెతూన్ 1935లో పెట్టిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో విమెన్ అనే నల్లజాతి స్త్రీల జాతీయ సంస్థకు హైట్ 1957లో అధ్యక్షురాలై, 40 ఏళ్ళు ఆ బాధ్యత మోసింది.

ఇక 1963 ఆగస్టు 28. వాషింగ్టన్ మహా ప్రదర్శన. రెండు లక్షల మందికి పైగా జనం. కింగ్ తన కల గురించి చెప్పిన ప్రసంగం ఆ రోజుదే. వేదిక మీద ఆయనకు కొద్ది దూరంలోనే హైట్ కూర్చుని ఉంది. కార్యక్రమంలో ప్రధాన వక్తలంతా మగవాళ్ళే. ఒక్క స్త్రీ చేతనైనా మాట్లాడించమని హైట్, నిర్వాహక కమిటీలో ఉన్న ఏకైక మహిళ అన్నా ఆర్నాల్డ్ హెడ్జ్‌మన్ ముందు నుంచీ అడుగుతూనే ఉన్నారు. అన్ని సంఘాల్లోనూ ఆడవాళ్ళు ఉన్నారు కదా, ఆ సంఘాల నాయకులు మాట్లాడితే వాళ్ళ తరఫున మాట్లాడినట్టే అన్న అర్థంలో జవాబు వచ్చిందని హైట్ తర్వాత గుర్తు చేసుకుంది. చివరికి మహలియా జాక్సన్ పాడింది. స్వేచ్ఛ కోసం పోరాడిన స్త్రీలకు అభినందన అన్న పేరుతో ఒక చిన్న అంశం పెట్టారు. అందులో ఆర్కాన్సా ఉద్యమ నాయకురాలు డెయిజీ బేట్స్ కొద్ది వాక్యాలు మాట్లాడింది. అంతవరకే.

నల్లవాళ్ళను వేరుచేసి ఉంచే జిమ్ క్రో చట్టాల మీద అంతటి యుద్ధం చేస్తున్న మనుషులకు తమ పక్క కుర్చీలో కూర్చున్న స్త్రీ కనపడకపోవడం గురించి ఎంత రాసినా తక్కువే. హైట్ బాధపడింది కానీ ఉద్యమాన్ని వదిలి వెళ్ళలేదు. మర్నాడే, ఆగస్టు 29న, ప్రదర్శన తర్వాత ఏమిటి అన్న ప్రశ్నతో స్త్రీలతో ఒక సమావేశం పెట్టింది. ఉద్యమంలోని స్త్రీలు తమ స్థానం గురించి గట్టిగా మాట్లాడుకోవడానికి ఆ అనుభవం దారి తీసింది. 1971లో స్త్రీలను రాజకీయాల్లోకి తేవడానికి నేషనల్ విమెన్స్ పొలిటికల్ కాకస్ ఏర్పడినప్పుడు గ్లోరియా స్టైనెమ్, షర్లీ చిజమ్, బెల్లా ఆబ్జగ్‌లతోపాటు స్థాపకుల్లో హైట్ కూడా ఉంది.

ఈ మధ్యలో ఆవిడ చేసిన రెండు పనులు చెప్పుకోవాలి. 1964 వేసవిలో మిసిసిపీలో ఓటు హక్కు కోసం వెళ్ళిన యువకుల మీద దాడులు, హత్యలు జరుగుతున్నాయి. ఆ సమయంలో పాలీ కోవన్ అనే శ్వేతజాతి స్నేహితురాలితో కలిసి హైట్ ‘వెన్స్‌డేస్ ఇన్ మిసిసిపీ’ అనే పని మొదలుపెట్టింది. ఉత్తరాది నగరాల నుంచి నల్ల, తెల్ల మధ్యతరగతి స్త్రీలు కలిసి జట్టుగా మంగళవారం విమానంలో వచ్చేవారు. అక్కడి పద్ధతి ప్రకారం విడివిడిగా బస చేసేవారు. బుధవారం ఊళ్ళలో ఉద్యమకారులు నల్లజాతి పిల్లల కోసం నడిపే ఫ్రీడమ్ స్కూళ్ళను చూసి, స్థానిక స్త్రీలతో కూర్చుని మాట్లాడి, గురువారం వెళ్ళిపోయేవారు. పోలీసులు ఊరేగింపులను ఆపగలరు కానీ తోటి ఇల్లాలి ఇంట్లో టీ తాగుతున్న ఆడవాళ్ళను ఆపడం కష్టం. హైట్‌కు ఈ సంగతి తెలుసు.

రెండోది పందుల బ్యాంకు. మిసిసిపీలోని సన్‌ఫ్లవర్ కౌంటీలో ఓటు హక్కు ఉద్యమకారిణి ఫానీ లూ హేమర్ పేద కుటుంబాల కోసం సహకార వ్యవసాయం నడుపుతోంది. హైట్ సంస్థ ఆమెకు సుమారు యాభై పందులు సమకూర్చింది. ఒక కుటుంబానికి ఒక ఆడ పందిని ఇస్తారు. అది ఈనాక రెండు ఆడ పిల్లలను బ్యాంకుకు తిరిగి ఇవ్వాలి, మిగిలినవి ఆ కుటుంబానివే. ఓటు వేయడానికి పేరు నమోదు చేసుకున్నందుకు కూలి పని పోగొట్టుకున్న కుటుంబాలున్న ప్రాంతం అది. అక్కడ ఇంట్లో మాంసం ఉండటమంటే భూస్వామికి భయపడకుండా బతకగలగడం.

ఈ పనులేవీ ఫొటోకు అందవు. పెద్ద వేదిక ఉండదు, ఉపన్యాసం ఉండదు. స్టాంపు ఏమో ఒక్క ముఖాన్నే చూపిస్తుంది. పదిమందితో కలిసి పనిచేసిన మనిషిని ఒంటరి ముఖంగా మార్చేయడం ఈ రకం గౌరవంలో ఉన్న పెద్ద లోపం. హైట్ విషయంలో మాత్రం ఆ లోపమే కొంత న్యాయం చేసింది. బతికినంతకాలం గుంపులో చివరన కనపడ్డ మనిషికి ఒకసారైనా ఫ్రేమ్ మొత్తం దక్కడం మంచిదే.

ఇప్పుడు తేదీలు చూద్దాం. ఎవరు పోయిన ఎన్నేళ్ళకు స్టాంపు వచ్చిందన్న లెక్క చాలా చెబుతుంది. బానిసత్వం నుంచి పారిపోయి ఎందరినో తప్పించిన హారియెట్ టబ్‌మన్ 1913లో చనిపోయింది. 1978లో, అంటే 65 ఏళ్ళకు, స్టాంపు వచ్చింది. అమెరికా స్టాంపు మీద కనపడ్డ మొదటి నల్లజాతి మహిళ ఆమే. బానిసగా పుట్టి బానిసత్వం మీద పోరాడిన సోజర్నర్ ట్రూత్ 1883లో పోతే 1986 దాకా ఆగాల్సి వచ్చింది, 103 ఏళ్ళు. మూక హత్యల మీద కలం ఎత్తిన ఐడా బి. వెల్స్‌కు 59 ఏళ్ళు, హైట్ గురువు బెతూన్‌కు 30 ఏళ్ళు. హేమర్ 1977లో చనిపోయింది, 2009లో మిసిసిపీ ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌తో కలిపి ఒకే స్టాంపు మీద వేశారు. మరో పౌర హక్కుల నాయకురాలు ఎల్లా బేకర్‌కూ ఆ ఏడాదే, అలాగే మరొకరితో కలిపి.

మగ నాయకుల్లో కింగ్‌కు 11 ఏళ్ళు పట్టింది. విట్నీ యంగ్‌కు, రాండాల్ఫ్‌కు పదేసి ఏళ్ళు. విల్కిన్స్‌కు 20.

శ్వేతజాతి స్త్రీల ఓటు హక్కు నాయకుల సంగతి వేరు. సూజన్ ఆంథనీ స్టాంపు 1936లోనే వచ్చింది. 1948లో స్త్రీల ప్రగతికి నూరేళ్ళు అంటూ వేసిన స్టాంపు మీద ఎలిజబెత్ స్టాంటన్, క్యారీ చాప్‌మన్ క్యాట్, లుక్రీషియా మాట్ ఉన్నారు. క్యాట్ అంతకు ముందు ఏడాదే చనిపోయింది. ఆ మూడు ముఖాల్లో నల్ల ముఖం ఒక్కటీ లేదు. స్త్రీల హక్కులంటే ఎవరి హక్కులని అప్పటి ప్రభుత్వం అనుకుందో ఆ స్టాంపు చెప్పకనే చెబుతుంది.

హైట్ 2010 ఏప్రిల్ 20న, 98 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఏడేళ్ళకు స్టాంపు. ఈ లెక్కన ఆమెకు కింగ్ కంటే త్వరగా వచ్చినట్టే. కాబట్టి స్టాంపు ఆలస్యమైందని ఫిర్యాదు చేయడం సరికాదు. ఇందులో నియమాల పాత్ర కూడా ఉంది. వ్యక్తి చనిపోయాక పదేళ్ళు ఆగాలన్న పాత నియమాన్ని 2007లో ఐదేళ్ళకు తగ్గించారు. ఆ తర్వాత కూడా నియమాలు మారాయి, ఇప్పుడు మూడేళ్ళు. జాన్ లూయిస్ 2020లో పోతే 2023లో స్టాంపు రావడం అందుకే. అయితే నియమం ఒక్కటే కారణం కాదు. టబ్‌మన్‌కు 65 ఏళ్ళు పట్టడానికి ఏ నియమమూ అడ్డు లేదు. దేశం ఎవరిని నాయకురాలిగా చూడటానికి సిద్ధపడిందన్నదే అసలు విషయం. హైట్ విషయంలో ఆ సిద్ధపాటు ఆమె చివరి ఇరవై ఏళ్ళలో వచ్చింది. 1994లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 2004లో అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం, 2009లో ఒబామా ప్రమాణ స్వీకార వేదిక మీద చోటు. ఆలస్యం జరిగింది ఆమె బతికున్నప్పుడే. 1963లో 51 ఏళ్ళ మనిషికి మైకు ఇవ్వకపోవడమే ఆ ఆలస్యం.

అమెరికా తపాలా శాఖ సొంత చరిత్ర తెలిస్తే ఈ స్టాంపు మరింత బరువుగా కనిపిస్తుంది. 1802లో అక్కడ ఒక చట్టం చేశారు. స్వేచ్ఛగా ఉన్న శ్వేతజాతి మనిషి తప్ప మరెవరూ టపా మోయకూడదని. ఉత్తరాలు మోసే నల్లవాళ్ళు ఊరూరూ తిరిగితే బానిసల్లో తిరుగుబాటు కబుర్లు పాకుతాయని భయం. ఆ చట్టం 1865లో గానీ పోలేదు. 1898లో దక్షిణ కరోలినాలోని లేక్ సిటీలో పోస్ట్‌మాస్టర్‌గా ఉన్న ఫ్రేజియర్ బేకర్ అనే నల్లజాతి వ్యక్తి ఇంటికి మూక నిప్పు పెట్టి, ఆయన్నీ చంటిబిడ్డనూ చంపింది. ఆ హంతకులను శిక్షించాలని అధ్యక్షుడు మెకిన్లీ దగ్గరికి వెళ్ళి అడిగినవాళ్ళలో ఐడా వెల్స్ ఉంది. ఆమె ముఖాన్నే ఆ శాఖ 1990లో స్టాంపుగా వేసింది.

విల్సన్ అధ్యక్షుడయ్యాక, 1913 నుంచి, తపాలా శాఖలో నల్ల ఉద్యోగులను వేరు చేయడం మొదలైంది. 1914లో ప్రభుత్వ ఉద్యోగాల దరఖాస్తుకు ఫొటో జతచేయాలన్న నిబంధన వచ్చింది. ఎవరు నల్లవాళ్ళో ముఖం చూసి తేల్చుకోవడానికి అది పనికొచ్చింది. ఆ నిబంధనను 1940లో తీసేశారు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో టస్కీగీలో నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ స్టాంపు విడుదలైంది. అమెరికా స్టాంపు మీద మొదటి నల్ల ముఖం ఆయనదే. మనుషులను ఉద్యోగంలోకి రాకుండా ఆపడానికి వాడిన ముఖం, అదే సంస్థ చేతిలో గౌరవ చిహ్నమైంది. 1940లో ఈ రెండూ కలిసి రావడం యాదృచ్ఛికమే కావచ్చు, అయినా అమెరికా నల్లజాతి చరిత్రలో ఆ ఏడాది తలచుకోవాల్సినదే.

స్టాంపు ఎవరి మీద వేయాలో నిర్ణయించే పద్ధతి బయటికి సాదాగానే ఉంటుంది. ఎవరైనా ఉత్తరం రాసి పేరు సూచించవచ్చు. 1957లో ఏర్పాటైన పౌరుల స్టాంపు సలహా సంఘం ఏటా వచ్చే వేల సూచనల్లోంచి కొన్ని ఎంచుకుంటుంది, తుది మాట పోస్ట్‌మాస్టర్ జనరల్‌ది. అంటే అడిగేవాళ్ళున్న పేర్లే ముందుకు వస్తాయి. బుకర్ టి. వాషింగ్టన్ స్టాంపు వెనకా ఫిలడెల్ఫియా బ్యాంకర్ ఆర్.ఆర్. రైట్ ఏళ్ళ తరబడి చేసిన ప్రచారం ఉంది. అడిగేవాళ్ళు లేని వీధి నాయకులు, పల్లె నాయకురాళ్ళు ఈ గుమ్మం దాటడం కష్టం.

నల్లజాతివారికి విడిగా ఒక సిరీస్ ఎందుకు, మామూలు స్టాంపుల్లోనే వేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ 1940 నుంచి 1978 దాకా మామూలు స్టాంపుల్లో ఒక్క నల్లజాతి స్త్రీ కూడా రాలేదు. ఏడాదికి ఒక చోటు కేటాయించాకే 2017 నాటికి 40 మందిలో 15 మంది స్త్రీలు వచ్చారు. విడి వరస లేకపోయి ఉంటే వీళ్ళలో చాలామంది ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉండేవారని నా నమ్మకం.

హైట్‌కు తపాలాతో ఇంకో ముడి కూడా ఉంది. వాషింగ్టన్‌లో నేషనల్ పోస్టల్ మ్యూజియం ఉన్న భవనంలోని పోస్టాఫీసుకు ఆమె పేరు పెట్టారు. ఆమె మీద వచ్చింది ‘ఫరెవర్’ స్టాంపు. విడుదలైనప్పుడు దాని ధర 49 సెంట్లు. తపాలా రేట్లు ఎంత పెరిగినా మామూలు ఉత్తరానికి అదొక్కటి అంటిస్తే చాలు. అందుకే 2017లో కొని దాచుకున్నవాళ్ళు ఇవాళ కూడా వాడుకోవచ్చు.

మన దేశంతోనూ ఆవిడకు సంబంధం ఉంది. 1952లో హైట్ కొన్నాళ్ళు ఢిల్లీ యూనివర్సిటీలోని సోషల్ వర్క్ స్కూలులో విజిటింగ్ ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పింది. ఆ స్కూలును 1946లో మొదలుపెట్టింది కూడా వైడబ్ల్యూసీఏనే. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో సాంఘిక సంక్షేమం ఎలా నడపాలని అప్పుడే ఇక్కడ దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆలోచిస్తోంది. మరుసటి ఏడాదే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర మహిళా సభను పెట్టి, రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయికి మన తపాలా శాఖ 1982లో, ఆమె పోయిన మరుసటి సంవత్సరమే, స్టాంపు వేసింది. ఈ ఒక్క విషయంలో మనవాళ్ళు ఆలస్యం చేయలేదు. సావిత్రీబాయి ఫూలేకు మాత్రం 1998 దాకా రాలేదు. ఆమె చనిపోయింది 1897లో. కులం అడ్డుగా ఉన్న చోట మన దగ్గరా వందేళ్ళు పట్టింది.

2024లో బ్లాక్ హెరిటేజ్ సిరీస్‌లో కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ స్టాంపు వచ్చింది. కోర్టుల్లో వర్ణ వివక్షను ఓడించిన లాయరు, తర్వాత జడ్జి. ఆ పేరు చూసి సంతోషించినవాళ్ళు ఇంకో పేరు కూడా అడగాలి. 1963 ప్రదర్శన కమిటీలో ఒక్కతే ఆడమనిషిగా కూర్చుని, తోటి స్త్రీకి మైకు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగిన అన్నా హెడ్జ్‌మన్ 1990లో చనిపోయింది. ఈ సిరీస్‌లో ఆమె స్టాంపు ఇంకా రాలేదు. ఏ నియమం ప్రకారం చూసినా ఆమెకు గడువు ఎప్పుడో తీరింది. ఆ ఉత్తరం రాసేవాళ్ళు కావాలి.